అరంగుళం మర

బందరులో కోనేరు సెంటరు దాటాక, రేవుకు వెళ్ళే దారిలో తాతారావు గారి పాత ఇనప సామాన్ల కొట్టు ఉండేది. ముందు గదిలో తాళాలు, గొలుసులు, మేకులు అమ్మేవారు. వెనక పెంకుటి చావడి నిండా పైపు ముక్కలూ, పైపుల్ని ఒకదానికొకటి కలిపే సామానూ కుప్పలు పోసి ఉండేవి. ఆ కుప్పల మధ్య గోనెపట్టా మీద కూర్చుని పొద్దున ఎనిమిదింటి నుంచి దీపాలు పెట్టే వేళ దాకా సామాను ఏరడం జ్ఞానమ్మ పని.

ముప్ఫై ఏళ్ళ మనిషి. బక్కపలచన. తుప్పు సామాను పట్టి పట్టి అరచేతులు ఎప్పుడూ ఇటుక రంగులో ఉండేవి. ఆదివారం చర్చికి వెళ్ళేముందు కుంకుడుకాయ నురగతో ఎంత రుద్దినా ఆ రంగు వదిలేది కాదు.

యుద్ధం ముగిశాక అమెరికా సైన్యం వదిలేసి వెళ్ళిన సామాను చాలా ఊళ్ళలో వేలం వేశారు. అందులో కొంత చేతులు మారుతూ, పదేళ్ళ తర్వాత కూడా గోతాల్లో బందరు చేరుతూనే ఉంది. అంతకుముందు నుంచీ ఇక్కడ వాడుకలో ఉన్నది ఇంగ్లీషువాడి సామాను. ఇప్పుడు రెండూ కలిసిపోయి వచ్చేవి. ఆ సంగతి జ్ఞానమ్మకే కాదు, కొట్లో ఎవరికీ పట్టలేదు. ఆమెకు నేర్పింది ఒక్కటే. ఒక్కో సైజుకూ లోపల మరచుట్లు కోసిన సాకెట్టు ఒకటి నమూనాగా పెట్టుకుని, చేతికొచ్చిన ముక్కను అందులో తిప్పి చూడాలి. మర ఎక్కితే ఆ సైజు డబ్బాలో వేయాలి, ఎక్కకపోతే ఇంకో సాకెట్టు తీసుకోవాలి. రోజుకు నాలుగైదు వందల ముక్కలు ఆమె చేతుల మీదుగా వెళ్ళేవి.

ఆమె భర్త పున్నారావు గుడివాడలో జనార్దనరావు గారి ఉప్పుడు బియ్యం మిల్లులో ఫిట్టరు. వడ్లు ఉడకబెట్టే తొట్లకు ఆవిరినిచ్చే బాయిలరు అతని చేతికింద ఉండేది. సోమవారం తొలి బండికి వెళ్ళి, వారమంతా మిల్లు షెడ్డులోనే ఉండి, శనివారం సాయంత్రం బండికి బందరు శివారు చిలకలపూడిలో దిగేవాడు. స్టేషనుకు దగ్గర్లోనే వాళ్ళ తాటాకిల్లు. ఇంట్లో పున్నారావు తల్లి సౌభాగ్యమ్మ, జ్ఞానమ్మ. పెళ్ళయి పదకొండేళ్ళయినా పిల్లలు లేరు. ఆ మాట ఎత్తి అత్త ఏనాడూ కోడల్ని నొప్పించలేదు. ఇద్దరూ ఒకే కంచంలో కలుపుకు తినేంత చనువుగా ఉండేవారు.

పున్నారావు నెమ్మదస్తుడు. తన పైపు రెంచిని ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. అదొక్కటే అతనికున్న పట్టింపు.

యాభై ఆరో సంవత్సరం జనవరిలో, కొత్త వడ్లు బండ్ల మీద మిల్లులకు తోలుతున్న రోజుల్లో, ఒక శనివారం అతను ఇంటికి వెళ్ళకుండా నేరుగా కొట్టుకే వచ్చాడు.

"అరంగుళం నిపుల్స్ రెండు కావాలి జ్ఞానం," అన్నాడు. నిపుల్ అంటే రెండు కొసలా మర కోసి ఉండే పొట్టి గొట్టం ముక్క. "బాయిలర్లో నీళ్ళెంతున్నాయో చూపించే గాజు గొట్టం ఉంటదే, దాని కింద కుళాయి దగ్గరది తుప్పు తినేసింది. పైదీ అదే వాలకంగా ఉంది."

"అయ్యగారు డబ్బాలోంచి తీసిస్తార్లే, కూర్చో."

"నువ్వే చూసివ్వు. నీ చేతికి తెలుసుగా."

ఆమె డబ్బా బోర్లించింది. నల్లవీ, తుప్పు మచ్చలవీ పక్కకు నెట్టి, తెల్లటి పూతతో కొత్త రూపాయిల్లా మెరుస్తున్న వాటిలోంచి రెండు ఏరింది. ఒక్కొక్కటీ సాకెట్లో తిప్పి చూసింది. నున్నగా ఎక్కాయి. చీరకొంగుతో తుడిచి అతని చేతిలో పెట్టింది. "బాగున్నాయి," అని అతను వాటిని చొక్కా జేబులో వేసుకున్నాడు. అంతే జరిగింది.

సోమవారం మధ్యాహ్నం బాయిలరు చల్లారాక అతను రెండు నిపుళ్ళూ బిగించాడు. మంగళవారం కింది నిపుల్ దగ్గర చెమట పోసినట్టు నీళ్ళు కనబడ్డాయి. ఆ రాత్రి ఆవిరి దించాక విప్పి, మర చుట్టూ జనపనార ఇంకాస్త దట్టంగా చుట్టి, సందులు పూడ్చే సఫేదా ముద్ద పూసి మళ్ళీ బిగించాడు. బుధవారం చుక్కలు పడ్డాయి. గురువారం పొద్దున ఆవిరి బుసకొట్టడం మొదలుపెట్టింది. అప్పుడు బాయిలరు మంచి వేడి మీద ఉంది. పున్నారావు రెంచి వేసి పావు చుట్టు తిప్పాడు. ఇంకో పావు చుట్టు తిప్పాడు. బాయిలరు వైపు సాకెట్టు లోపలి మర పళ్ళు చితికిపోయి నిపుల్ ఊడి రెంచితో పాటు బయటికొచ్చేసింది. దాని వెనకే బాయిలర్లో మరుగుతున్న నీళ్ళు అతని ఛాతీ మీదా, మెడ మీదా, ఒక చెంప మీదా పడ్డాయి.

అతను రెండు రోజులు బతికాడు. జ్ఞానమ్మ, సౌభాగ్యమ్మ గుడివాడ ఆసుపత్రి వరండాలో కూర్చున్నారు. లోపలికి ఒక్కొక్కర్నే పోనిచ్చేవారు. శుక్రవారం మధ్యాహ్నం జ్ఞానమ్మ పక్కన ఉన్నప్పుడు అతనికి కాసేపు తెలివి వచ్చింది. మంచినీళ్ళు అడగలేదు, తల్లిని అడగలేదు.

"నున్నగా ఎక్కింది జ్ఞానం," అన్నాడు. పెదాలు కదలక మాట ముద్దగా వచ్చింది. "చేత్తోనే నాలుగు చుట్లు పోయింది. ఎందుకు కారిందో నాకు తెలీటం లేదు."

"ఇప్పుడదంతా ఎందుకయ్యా? పడుకో."

"తెలీటం లేదు," అని మళ్ళీ అన్నాడు. శనివారం పదింటికి ప్రాణం పోయింది.

సమాధి అయిన నాలుగో రోజున మిల్లు గుమాస్తా మధుసూదనరావు గారు ఇంటికి వచ్చారు. ఖర్చులకని అంతకుముందే ఏదో పంపారు. ఇప్పుడు తెచ్చింది ఒక గుడ్డసంచీ, ఒక కాగితం. ఆవిరి ఉండగా కీలు బిగించకూడదనే నియమం పున్నారావు పాటించలేదనీ, జరిగినదానికి అతనే బాధ్యుడనీ కాగితంలో ఉంది. జ్ఞానమ్మకు బైబిలు చదువుకునేపాటి చదువు వచ్చు. ప్రతి అక్షరం కూడబలుక్కుని చదివింది. ఆవిరి ఉండగా బిగించిన మాట నిజమే కదా అనుకుంది. సంతకం పెట్టింది.

"ఎందుకు పెట్టావే?" అని సౌభాగ్యమ్మ గుండెలు బాదుకుంది. "వడ్లతో పాటు నా బిడ్డనీ ఉడకేశారు ఆళ్ళు. తప్పు వాడిదని నువ్వు ఒప్పుకుంటావా?"

సంచీలో అతని చొక్కా, రెంచి ఉన్నాయి. రెంచి నోట్లో ఆ నిపుల్ ఇంకా బిగుసుకునే ఉంది. జ్ఞానమ్మ దాన్ని విడదీసి బియ్యం డబ్బాలో దాచింది.

వారం తిరక్కముందే మళ్ళీ పనిలోకి వెళ్ళింది. వెళ్ళక తప్పదు. సాకెట్టు ఎడమచేత, ముక్క కుడిచేత. తిప్పిన ప్రతిసారీ అతని మాటే చెవిలో వినబడేది. నున్నగా ఎక్కింది. మరెందుకు కారింది?

ఏప్రిల్ నెలలో ఒకరోజు శోభనాద్రి అనే ముసలాయన కొట్టుకు వచ్చాడు. రైల్వేలో ముప్ఫై ఏళ్ళు ఫిట్టరుగా చేసి దిగిపోయి, ఊళ్ళో చేతిపంపులు బాగుచేస్తూ పొద్దుపుచ్చుతున్నాడు. తాతారావు గారు ముందు గదిలో బేరంలో ఉండి, "వెనక్కెళ్ళి తీసుకోండి," అన్నారు. జ్ఞానమ్మ తెల్లటి నిపుల్ ఒకటి అందించింది. ఆయన దాని మర మీద బొటనవేలి గోరు అడ్డంగా గీసి పక్కన పడేశాడు. ఇంకోటి ఇచ్చింది. అదీ పడేశాడు. మూడోదీ అంతే.

"అరంగుళమే బాబాయి గారూ," అంది జ్ఞానమ్మ. "చూడండి, సాకెట్లో ఎక్కుతోంది."

"ఎక్కుతుందమ్మా. అదే వీటితో వచ్చిన చిక్కు."

ఆమె చేతిలో సాకెట్టు అలాగే ఉండిపోయింది. "చిక్కేంటి?"

అడిగేవాళ్ళు లేక ఆయనకు చాలాకాలమైంది కాబోలు, అక్కడే ఒక పైపు మీద కూర్చున్నాడు. సంచీలోంచి చిన్న ఉక్కు రేకుల గుత్తి తీశాడు. ప్రతి రేకు అంచునా దువ్వెనకున్నట్టు పళ్ళున్నాయి. అందులో ఒక రేకు విప్పి తుప్పు పట్టిన నల్ల నిపుల్ మర మీద ఆనించి, వాకిలి వెలుతురుకు ఎత్తి పట్టాడు. రేకు పళ్ళు మర గాడుల్లో కూర్చున్నాయి. వెలుగు చుక్క కూడా దూరలేదు. తర్వాత అదే రేకును తెల్ల నిపుల్ మీద పెట్టాడు. పన్నుకు పన్ను ఎదురుగానే ఉంది కానీ, వేలితో తాకితే రేకు అటూ ఇటూ ఊగింది. ప్రతి గాడిలోనూ సన్నటి వెలుగు గీత కనబడింది.

"నల్లది ఇంగ్లీషు మర. పన్ను కొస గుండ్రంగా ఉంటుంది, గాడి అడుగు కూడా గుండ్రమే. ఈ తెల్లది అమెరికావాడిది. కొస బల్లపరుపుగా తెగ్గోసినట్టుంటుంది. పన్ను వాలు వేరు. గోరు పెట్టి గీస్తే పట్టుకుంటుంది, చూడు. అరంగుళానికీ, ముప్పావు అంగుళానికీ అంగుళం పొడుగులో పద్నాలుగు పళ్ళు. ఇద్దరి లెక్కా ఒకటే. అందుకని ఒకళ్ళది ఇంకొకళ్ళ దాంట్లో ఎక్కుతుంది. అదే అంగుళం పైపయితే ఇంగ్లీషుదానికి పదకొండు, అమెరికాదానికి పదకొండున్నర. రెండు చుట్లకే పట్టేస్తుంది. ఎంత తెలియనివాడైనా ఇది కాదని తీసేస్తాడు."

"ఎక్కాక ఏమవుద్ది?"

"పన్నుకీ పన్నుకీ మధ్య సందు ఉండిపోతుంది. మర ఎన్ని చుట్లుంటే అన్ని చుట్లూ ఆ సందు వెంబడే దారి. చన్నీళ్ళయితే నారా సఫేదా పెట్టి ఎట్లాగో ఆపొచ్చు. ఆవిరి ఆగదు. కారుతోంది కదా అని ఇంకా బిగిస్తారు. బిగించేకొద్దీ అవతలి పళ్ళు చితుకుతాయి."

మర్నాడు ఆయన చెప్పిన చోటికి, స్టేషను పక్కనున్న ఆయన ఇంటికి, జ్ఞానమ్మ బియ్యం డబ్బాలోంచి తీసిన నిపుల్ పట్టుకెళ్ళింది. ఆయన గోరు కూడా గీయలేదు. చూడగానే, "అమెరికాది," అన్నాడు. గాడుల్లో ఎండిపోయిన సఫేదా, తెగిన నార పోగులు చూసి, "ఎక్కడ వాడారిది?" అని అడిగాడు.

ఆమె చెప్పింది.

"ఎవరిచ్చారమ్మా అతనికి?"

"నేనే," అంది జ్ఞానమ్మ. "మంచివి చూసి ఏరిచ్చాను."

ఆయన భార్య మజ్జిగ తెచ్చి పెట్టింది. జ్ఞానమ్మ తాగకుండానే లేచి వచ్చేసింది.

ఆ రోజు నుంచి ఆమె మనసులో ఒకటే తిరగడం మొదలైంది. పున్నారావు తీసుకెళ్ళింది రెండు. ఊడింది ఒకటి. రెండోది ఇంకా ఆ బాయిలరుకే ఉంది. అదే కుప్పలోంచి అవనిగడ్డ మిల్లు ఫిట్టరు కూడా నాలుగు పట్టుకెళ్ళాడు. తాతారావు గారికి చెబితే, "పదేళ్ళ నుంచీ అమ్ముతున్నాం, ఎవరూ వచ్చి అడగలేదే," అన్నారు. "మీ ఆయన పోయిన దిగుల్లో నీకేదో తోస్తోందమ్మా. కావాలంటే రెండు కుప్పలు చేసుకో. నేను వద్దన్నానా?"

ఆమె ముందు గుడివాడ వెళ్ళింది.

జనార్దనరావు గారు మిల్లు ముందు వేప నీడలో కుర్చీ వేసుకుని ఉన్నారు. ఆయన చెడ్డమనిషి అని ఎవరూ అనరు. ఆమె చెప్పిందంతా ఓపిగ్గా విన్నారు.

"అయితే ఆ నిపుల్ ఇచ్చింది నువ్వు. ఆవిరి ఉండగా బిగించింది అతను. మిల్లుకి ఇందులో సంబంధం లేదు, అంతేనా?"

"అది మీ ఇష్టమండి. ఆ రెండోది తీయించండి అయ్యా. నేను మంచిది తెచ్చాను, శోభనాద్రి గారు చూసిచ్చారు."

ఆయన కొత్త ఫిట్టరు నరసయ్యను పిలిచి, ఆదివారం బాయిలరు ఆపినప్పుడు మార్చమన్నారు. నరసయ్య నిపుల్ తీసుకుని ఆమెను గేటు దాకా సాగనంపాడు. గేటు దగ్గర అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"అక్కా, నీకొక సంగతి చెప్పాలి. ఆ గురువారం నేను ఇక్కడే తొట్ల దగ్గర పన్లో ఉన్నాను. పున్నారావు బావ ముందు బాయిలరు ఆపమనే అడిగాడు. తొట్ల నిండా వడ్లున్నాయి, మధ్యలో ఆపితే ముక్కిపోతాయి, కాస్త బిగించి చూడమన్నారు అయ్యగారు. బావ రెండుసార్లు అడిగాడు."

"ఈ మాట ఇంకెవరికైనా చెప్పావా?"

నరసయ్య తల దించుకున్నాడు. "నాకు ముగ్గురు పిల్లలక్కా."

మర్నాడు ఆమె బస్సులో చల్లపల్లి వెళ్ళి, అక్కడి నుంచి పులిగడ్డ మీదుగా అవనిగడ్డ చేరింది. మిల్లు ఫిట్టరు బ్రహ్మయ్య మెట్ల మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. ఆమె వచ్చిన పని చెప్పగానే నవ్వాడు.

"ఆ తెల్లవా? భలే సామాను ఇచ్చారులే. పెట్టిన రెండో రోజే కారింది. ఆవిరి దించేసి, బాయిలరు చల్లారాక తీసి పారేశాను. పాతదానికే మళ్ళీ మర కోసుకుని వేసుకున్నాను. మిగతా మూడూ అదిగో, ఆ మూలనున్నాయి, కావాలంటే పట్టుకెళ్ళు."

"ఆవిరి దించడానికి మీ అయ్యగారు ఒప్పుకున్నారా?"

"ఒప్పుకోక? కారుతుంటే దించరా?" అన్నాడతను ఆశ్చర్యంగా. "ఒక తొట్టి వడ్లు పాడయ్యాయి. కాసేపు గొణిగారు, ఊరుకున్నారు."

జ్ఞానమ్మ ఆ మూడు నిపుళ్ళూ కొంగులో మూటకట్టుకుంది. బయట కాలవ గట్టు మీద, ఎండలో, బస్సు వచ్చేదాకా నిలబడింది. అదే కుప్ప, అదే మర. ఇక్కడ ఒక తొట్టి వడ్లు పోయాయి. ఆమెకు ఏడుపు రాలేదు. బస్సు వచ్చి ఆగి, కండక్టరు రెండుసార్లు పిలిస్తే గాని కదల్లేదు.

దారి పొడుగునా అత్తకు ఎలా చెప్పాలా అని ఆలోచించింది. తన చేతి సంగతీ చెప్పాలి, నరసయ్య అన్నదీ చెప్పాలి. ఏది ముందు చెప్పాలో తేలలేదు. ఇల్లు చేరేసరికి తేల్చుకునే అవసరం లేకుండా పోయింది. మిల్లులో మాట మిల్లులో ఆగలేదు. పొద్దున బండిలో గుడివాడ నుంచి వచ్చిన ఎవరో చిలకలపూడి అంతా చెప్పారు. పున్నారావును చంపింది భార్య ఇచ్చిన ఇనప ముక్కేనని, తనే వచ్చి ఒప్పుకుందని.

సౌభాగ్యమ్మ గడప మీద కూర్చుని ఉంది.

"నిజమేనటే?"

"నిజమే అత్తా. నాకు తెలియక ఇచ్చాను. కానీ ఆయన ఆవిరి ఆపమని అడిగాడంట. ఆళ్ళు ఆపనియ్యలేదంట. అవనిగడ్డలో ఇదే జరిగితే..."

"నీ చేత్తో నువ్వే ఇచ్చావా?"

"ఇచ్చాను."

ఆ తర్వాత జ్ఞానమ్మ చెప్పిందేదీ ముసలామె చెవికెక్కలేదు. ఆ పూట కోడలు వండిన అన్నం ముట్టలేదు. మర్నాడూ ముట్టలేదు. మూడో రోజున పామిడిముక్కల నుంచి కూతురు సుగుణను పిలిపించుకుని బట్టల మూటతో వెళ్ళిపోయింది. పాస్టరు గారు ఇద్దరికీ నచ్చజెప్పబోయారు. "నేనేమీ అనటం లేదయ్యా, దాని మొహం చూడలేకపోతున్నాను," అంది సౌభాగ్యమ్మ.

కొట్లో జ్ఞానమ్మ రెండు కుప్పలు చేసింది. శోభనాద్రి తన రేకుల గుత్తి ఆమెకిచ్చేశాడు. కొన్నాళ్ళకు దాని అవసరం కూడా లేకపోయింది. కళ్ళు మూసుకుని గోరుతో గీసి ఏది ఏదో చెప్పగలిగేది. ఫిట్టర్లు వచ్చి, "జ్ఞానమ్మ చేత్తో ఇప్పించండి," అని అడగడం మొదలెట్టారు. కానీ ఆమె ఆదివారం చర్చికి వెళ్ళివచ్చేసరికి అమెరికా కుప్ప తగ్గి ఉండేది. తెలిసినవాడికి ఇంగ్లీషుది, తెలియనివాడికి ఏదైతే అదని తాతారావు గారు తెల్లవాటిని కూడా అమ్మేవారు. ఆమె ఇనుము అరగదీసే ఆకురాయి తీసుకుని, గుర్తు కోసం తెల్లవాటి నడుమ లోతుగా గంటు పెట్టడం మొదలెట్టింది. "సరుకు పాడు చేస్తున్నావ్," అని ఆయన కేకలేశారు. పని మానమంటారేమో అనుకుంది. మానమనలేదు. ఆమె గంట్లు పెడుతూనే ఉంది, ఆయన గంట్లున్నవి కూడా అమ్ముతూనే ఉన్నారు. "గంటెందుకుంది?" అని అడిగినవాడికి మాత్రం, "వెనక్కెళ్ళి ఆవిణ్ణి అడుగు," అనేవారు. పదిమందిలో ఇద్దరు అడిగేవారు.

అట్లా ఆరేళ్ళు గడిచాయి. అరవై రెండో సంవత్సరం వర్షాకాలంలో సుగుణ తల్లిని రిక్షాలో తీసుకొచ్చి గుమ్మంలో దింపింది. ముసలామెకు ఒక పక్క పడిపోయింది.

"మాకు జరగటం లేదొదినా. మా ఆయన ఒప్పుకోటం లేదు. నీకు పుణ్యముంటది," అంది సుగుణ.

జ్ఞానమ్మ మంచం వేసింది. ఒళ్ళు తుడవడం, పక్క మార్చడం, గంజి పట్టడం అన్నీ చేసింది. పొద్దున పనికి వెళ్ళేముందు ఒకసారి, మధ్యాహ్నం పరుగున వచ్చి ఒకసారి, సాయంత్రం ఒకసారి. సౌభాగ్యమ్మ నోరు తెరిచి ఆమె చేతి గంజి మింగేది. కళ్ళు మాత్రం గోడ వైపే ఉండేవి. నెలా పదిహేను రోజులు ఒక్క మాట లేదు.

ఒక మధ్యాహ్నం వాన కురుస్తోంది. జ్ఞానమ్మ గంజి పట్టి, మూతి తుడిచి, గిన్నె తీసుకుని లేవబోతుంటే ముసలామె మంచిచేత్తో ఆమె మణికట్టు పట్టుకుంది. ఆ ఇటుక రంగు అరచేతిని తిప్పి చూసింది.

"వాడైతే నిన్ను ఒక్క మాట కూడా అనేవాడు కాదు," అంది. నాలుక మడతపడుతున్నా మాట స్పష్టంగానే ఉంది. "నేను వాణ్ణి కాదు. నావల్ల కాలేదు."

జ్ఞానమ్మ మళ్ళీ కూర్చుంది. చెయ్యి వదిలించుకోలేదు. వాన తగ్గింది. పనికి వేళ దాటిపోయింది. పట్టు సడలి ముసలామె నిద్రపోయాక గాని లేవలేదు.

తర్వాత తొమ్మిది రోజులకు సౌభాగ్యమ్మ పోయింది. కొడుకు పక్కనే సమాధి చేశారు. ఇంట్లోంచి అందరూ వెళ్ళిపోయాక సుగుణ కళ్ళొత్తుకుంటూ వదిన దగ్గరకు వచ్చి కూర్చుంది.

"పోయేముందు అమ్మ ఏమన్నా అందా వదినా? నా గురించి గాని, అన్నయ్య గురించి గాని?"

జ్ఞానమ్మ మంచం నులక విప్పుతోంది. చేతిలో ముడి ఊడదీసి తలెత్తింది.

"మంచినీళ్ళడిగింది," అంది. "ఇచ్చాను."